బెంజి లారీ నుంచి ఇంటి షెడ్డు దాకా

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో పాత జర్మన్ కార్ల మరమ్మతు పని కార్లతో మొదలుకాలేదు, లారీలతో మొదలైంది. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఇవాళ ఎవరైనా తమ ఇంటి షెడ్డులో పాత మెర్సిడెస్‌ను విప్పి బాగుచేసుకోవాలనుకుంటే, అందుకు కావలసిన చేతిపని, పంపు రూము, లేత్ షాపు, చివరికి స్పానర్ల సైజులు కూడా 1950ల నుంచి లారీ మెకానిక్కులు పెంచిపోషించినవే. కారు మోజు ఆ నైపుణ్యం మీద ఆలస్యంగా వచ్చి వాలింది.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొల్లాపూర్ ఒకప్పుడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. సురభి వంశస్థులు నిజాంకు పేష్కష్ చెల్లిస్తూ ఏలిన సంస్థానం అది. వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, గోపాలపేట దాని ఇరుగుపొరుగు. దక్షిణాన కృష్ణ, తూర్పున నల్లమల అడ్డం కావడంతో ఊరు చాలాకాలం రోడ్డుకు చివరి మజిలీగానే ఉండిపోయింది. సోమశిల దగ్గర నది దాటాలంటే పుట్టీయో పడవో దిక్కు. ఇలాంటి చోట మోటారు బండి చెడితే హైదరాబాదు నుంచి మనిషి వచ్చేదాకా ఆగే తీరిక ఎవరికీ ఉండదు. నిజాం రైల్వేకు అనుబంధంగా 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా శాఖ తెలంగాణలో మోటారు పనివాళ్లకు తొలి పెద్ద కొలువు. ఆ బస్సులు స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్లు. రాజులూ నవాబులూ తెప్పించుకున్న కార్లలోనూ ఇంగ్లీషువి, అమెరికావే ఎక్కువ. అయితే జర్మన్ కారు రాకముందే జర్మన్ సామాను ప్రపంచమంతా పాకింది. బాష్ కంపెనీ మాగ్నెటో 1902లో స్పార్క్ ప్లగ్గుతో కలిసి వచ్చాక, మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇంగ్లీషు కార్లలో సైతం నిప్పు రాజేసే పని చాలావరకు దానిదే. అదే కంపెనీ 1922లో కలకత్తాలో అమ్మకాల ఏజెన్సీ తెరిచింది.

అసలు మలుపు 1954లో వచ్చింది. జంషెడ్‌పూర్‌లో 1945లో ఏర్పడి ఆవిరి ఇంజన్లు చేస్తున్న టెల్కో, అంటే నేటి టాటా మోటార్స్, డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీల తయారీకి దిగింది. ముందు గ్రిల్లు మీద మూడు కాళ్ల నక్షత్రం, దాని వెనక ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. బండి పేరు టాటా మెర్సిడెస్-బెంజ్, జనం నోట బెంజి లారీ. విజయవాడ బెంజ్ సర్కిల్ ఆ లారీల కాలం మిగిల్చిన పేరే. అదే దశకంలో, 1955 డిసెంబరులో, నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1960లలో శ్రీశైలం ప్రాజెక్టుకు పునాది పడింది. కృష్ణకు రెండు వైపులా రాయి, ఇసుక, సిమెంటు, మనుషులు కదలవలసిన కాలమది. మట్టిపని, రాతిపని కోసం ఊళ్లకు ఊళ్లు మేస్త్రీల వెంట దేశం నలుమూలల ఆనకట్టలకు వెళ్లిన పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల బతుకు కూడా లారీతోనే ముడిపడింది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపూర్ చుట్టుపక్కల పల్లెలెన్నో మునిగాయి. మంచాలకట్ట మాధవస్వామి గుడి రాళ్లు విప్పుకుని కొల్లాపూర్‌కు తరలివచ్చింది.

ఒప్పందం 1969లో ముగిసింది. నక్షత్రం పోయి ఇంగ్లీషు టీ అక్షరం వచ్చింది, ఇంజన్ మాత్రం అదే వంశంలో కొనసాగింది. ఆ పదిహేనేళ్లలో తెలుగు మెకానిక్కుల చేతికి మూడు కొత్త సంగతులు అలవాటయ్యాయి. ఒకటి మిల్లీమీటరు కొలత. అప్పటి అంబాసిడరు, ఫియట్లలో అంబాసిడరుది ఇంగ్లీషు పుట్టుక. దాని నట్లు, బోల్టులు అంగుళాల లెక్కలో ఉండేవి. జర్మన్ బండిలో 10, 13, 17, 19, 22 నంబర్ల స్పానర్లతో దాదాపు పనంతా నడిచిపోతుంది. తర్వాత వచ్చిన మారుతి జపాన్ లెక్క ప్రకారం 12, 14 అడిగింది. అందుకే ఏ మెకానిక్కు సంచిలోనైనా 13, 17 నంబర్లు బాగా అరిగి ఉంటే అతని చేయి ఏ బండి మీద తిరిగిందో ఇట్టే చెప్పవచ్చు. రెండోది డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకి కొట్టకుండా ముందు ఒక చిన్న గదిలో మండించే పద్ధతి. ఆనాటి మెర్సిడెస్ డీజిళ్లలో చాలావాటిదీ ఇదే తీరు. చలి పొద్దున స్టార్టు కావాలంటే ఆ గదిని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు బాగుండాలి. ఈ సంగతి తెలిసిన లారీ మెకానిక్కుకు అదే కంపెనీ కారు ఇంజన్ కొత్త చుట్టంలా కనిపించదు.

మూడోది పంపు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే పాత జర్మన్ డీజిల్ కారు బతుకు ఇంజన్ మీద కన్నా దీని మీదే ఆధారపడుతుంది.

డీజిల్‌ను కొలిచి, ఒత్తిడితో, సరిగ్గా సమయానికి నాజిల్‌కు పంపే ఇంజెక్షన్ పంపును బాష్ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. అదే కంపెనీ 1951లో భారతదేశంలో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పెట్టి, బెంగళూరు ఆడుగోడిలో ప్లగ్గులు, పంపులు, నాజిళ్లు చేయసాగింది. ఆ కంపెనీ పొట్టిపేరు మైకో. 2008లో అధికారికంగా బాష్ అని మారినా, షాపు బోర్డుల మీద, పాత మెకానిక్కుల మాటల్లో మైకో ఇంకా పోలేదు. బెంగళూరు హైవే మీదుగా మహబూబ్‌నగర్ జిల్లాకు ఈ సామాను అందడం తేలిక. జిల్లా కేంద్రాల్లో, లారీ స్టాండుల దగ్గర పంపు రూములు వెలిశాయి.

పంపు రూము మామూలు మెకానిక్ షెడ్డు లాంటిది కాదు. నేల మీద మట్టి ఉండకూడదు, ఫ్యాను గాలి బల్ల మీదికి కొట్టకూడదు. పంపు లోపల ప్లంజరు, అది తిరిగే బ్యారెల్ మధ్య సందు మిల్లీమీటర్లో వెయ్యో వంతులు రెండో మూడో ఉంటుంది. రెంటినీ జతగానే చేస్తారు. ఒక జతలోని ప్లంజరు మరో జతలోని బ్యారెల్‌కు పనికిరాదు. విప్పినప్పుడు వాటిని కలగాపులగం చేసిన కుర్రాడికి ఆ రోజు తిట్లు తప్పవు. నాజిల్‌ను చేతిపంపు గేజికి బిగించి మెల్లగా నొక్కితే, బాగున్న నాజిల్ సన్నటి పొగమంచులా చిమ్ముతూ కీచుమని గురకపెట్టినట్టు శబ్దం చేస్తుంది. చెడినది మాట్లాడదు, కొసన బొట్టు వేలాడుతుంది. నాలుగు సిలిండర్ల మెర్సిడెస్ కారు నాజిళ్లు కొత్తవైతే 115 నుంచి 125 బార్ మధ్య తెరుచుకోవాలి. వందకు దిగితే వాటిని మార్చడమే మేలు. లారీ నాజిల్ గురక విని పెరిగిన చెవికి కారు నాజిల్ గురకను వేరే నేర్పనక్కర లేదు. హైదరాబాదు పెద్ద షోరూముల్లో కంప్యూటర్ తగిలించి వెతికే దోషాన్ని ఈ బల్ల మీద పావుగంటలో తేల్చేవాళ్లున్నారంటే అతిశయోక్తి కాదు. అయితే ఈ మాట పాత బండ్లకే వర్తిస్తుంది.

కార్ల సంగతికొస్తే, స్వాతంత్ర్యం తర్వాత విదేశీ కారు దిగుమతి దాదాపు మూసుకుపోయింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే ఫోర్డ్, జనరల్ మోటార్స్ 1950ల మధ్యకల్లా సర్దుకున్నాయి. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు జర్మన్ కారు ఈ దేశంలోకి వచ్చిన దారులు ఇరుకు: రాయబార కార్యాలయాల కోసం వచ్చినవి, విదేశీ నిపుణులు తెచ్చుకున్నవి, విదేశాల్లో ఉండి తిరిగొచ్చినవారు వెంట తెచ్చినవి. దౌత్యవేత్తలు వదిలేసిన కార్లు 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. సినిమావాళ్లు, వ్యాపారులు, పాత జమీందారీ కుటుంబాలు వాటికోసం కాచుకునేవారు. కొన్నవారికి బండి దక్కేది కానీ సామాను దక్కేది కాదు. కంపెనీ డీలరు లేడు, విడిభాగం దిగుమతి చేసుకుంటే సుంకం తడిసి మోపెడు. కాబట్టి ఇంటి షెడ్డే వర్క్‌షాప్ అయింది. డ్రైవరే మెకానిక్కు, సికింద్రాబాద్ రాణిగంజ్ కొట్లు వెతికి దగ్గరి కొలత బేరింగు తెచ్చేవాడు ఒకడు, లేత్ మీద బుష్ తిప్పేవాడు మరొకడు. జర్మనీలో పాత కారును ఇంట్లో బాగుచేసుకోవడం సెలవు రోజుల సరదా. ఇక్కడ అది గత్యంతరం లేని పని.

ఆ దారుల్లో వచ్చిన వాటిలో ఇంటి షెడ్డుకు బాగా లొంగే కారు ఫోక్స్‌వాగన్ బీటిల్. 1938లో మొదలై 2003 జులైలో మెక్సికోలోని ప్యూబ్లాలో ఆగేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైన బండి ఇది. ఇంజన్ వెనక ఉంటుంది. నాలుగు బోల్టులు విప్పి జాకీ మీద కిందికి దించవచ్చు. నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. గాలి, రెండున్నర లీటర్ల ఆయిలు కలిసి ఇంజన్‌ను చల్లబరుస్తాయి. నల్లగొండ బోరు నీళ్లు తాగించకుండా బతికే ఇంజన్ ఈ జిల్లాలకు వరమే. కానీ ఆయిల్‌కు ఫిల్టర్ బదులు జాలీ మాత్రమే ఉంది. ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి 5,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చకపోతే బేరింగులు ఊరుకోవు. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. యాసిడ్ కారి ఆ పక్క నేల రేకు తినేస్తుంది. పాత బీటిల్ కొనేవాడు ముందు సీటు లేపి చూడాలి, రంగు తర్వాత.

ఈ చరిత్రలో ఆసక్తి కలిగించే మలుపు ఖరీదైన కారు వల్ల రాలేదు. 1958లో హాంబర్గ్ టెంపో కంపెనీ సహకారంతో మూడు చక్రాల బండ్లు మొదలుపెట్టిన బజాజ్ టెంపో, తర్వాత మెటడోర్ వ్యాన్లు చేసి, ఆపైన 1980లలో మెర్సిడెస్ నుంచి ఓఎం616 డీజిల్ ఇంజన్ తెచ్చుకుంది. 1973లో 240డి కారు కోసం పుట్టిన 2.4 లీటర్ల ఇంజన్ అది. ట్రావెలర్‌లో, ట్రాక్స్‌లో, దాని సంతతిలో అదే దుమ్ము రేపుకుంటూ తిరిగింది. కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. తెలంగాణ పల్లెల్లో పెళ్లికి, శ్రీశైలానికి, తిరుపతికి కిరాయికి మాట్లాడుకునే తుఫాన్ బండి గుండెకాయ కూడా అదే వంశానిది. జర్మనీలో టాక్సీగా లక్షల కిలోమీటర్లు తిరిగి పేరు తెచ్చుకున్న ఇంజన్, ఇక్కడ పదిమందికి చేసిన సీట్లలో పదహారు మందిని మోస్తూ రెండో పేరు తెచ్చుకుంది.

దీనివల్ల 1976 నుంచి 1985 దాకా తయారైన, అదే వంశపు ఇంజన్ ఉన్న డబ్ల్యు123 మెర్సిడెస్ డీజిల్ కారు యజమానికి కలిగిన మేలు చిన్నది కాదు. ప్యాకింగులు, బేరింగు పెంకులు, రింగుల వంటివి జర్మనీ నుంచి రప్పించుకునే ముందు ట్రాక్స్ సామాను కొట్లో సరిపోల్చి చూసుకోవచ్చు. అన్నీ అతకవు. వెర్నియర్‌తో కొలవకుండా బిగిస్తే రెండో ఇంజన్ కూడా పాడవుతుంది. జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ 1993లో ఫెల్‌బాఖ్‌లో పాత కార్ల కేంద్రం తెరిచి ఆ కాలపు విడిభాగాలు అమ్ముతోంది. నంబరు చెబితే చాలు. ఇక్కడివారికి ఆ నంబరుతో పాటు ట్రాక్స్ నంబరు కూడా తెలిసి ఉండటం ఒక అదనపు బలం.

ఇక జర్మన్ కారు దేశంలోనే తయారు కావడం 1995లో మొదలైంది. మెర్సిడెస్, టెల్కో కలిసి పుణెలో డబ్ల్యు124 కార్లను ఇ220 పెట్రోలు, ఇ250 డీజిల్ రూపాల్లో బిగించాయి. ఆంధ్రప్రదేశ్ కూడా ఒక జర్మన్ ఫ్యాక్టరీని ఆశించింది. విశాఖపట్నంలో ఫోక్స్‌వాగన్ వస్తుందని నమ్మి ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలు కట్టడం, 2005లో అది వివాదమై సీబీఐ దాకా పోవడం తెలిసిందే. ఫ్యాక్టరీ చివరకు పుణె దగ్గర చాకన్‌కు వెళ్లింది. పాత కార్ల బజారును మార్చింది మాత్రం ఢిల్లీ. పదేళ్లు దాటిన డీజిళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న ఆదేశాల వల్ల 2015 తర్వాత అక్కడి ఖరీదైన కార్లు ఎన్‌ఓసీలతో దక్షిణాదికి చవగ్గా దిగాయి. లారీల ఊరివాళ్లకు కూడా మెర్సిడెస్ కొనగలిగే ధర వచ్చింది. కొన్నాక పెట్టే ఖర్చు మాత్రం చవకది కాదు.

ఇంట్లో చేసే మరమ్మతు మోటారు కారంత పాతది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్త కార్ల్‌కు చెప్పకుండా ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు కారు నడిపినప్పుడు, ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తెరిచింది, బ్రేకులు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. షెడ్డులో పని ఆ తీరులో మొదలై, క్రమంగా వరస కుదుర్చుకుంటుంది. అనుభవజ్ఞులు ముందు బ్రేకు, తర్వాత నీళ్లు, ఆయిలు, ఆపైన ఇంజన్, చివర రంగు అంటారు. మన దగ్గర చాలామంది రంగుతో మొదలుపెడతారు. తుప్పు మీద లప్పం పూసి రంగు కొడితే రెండు వానాకాలాలకు బుడగలు లేస్తాయి.

ఈ మెట్ట జిల్లాల్లో తుప్పు విశాఖ, నెల్లూరు తీరాల్లో ఉన్నంత తీవ్రం కాదు, ఉప్పుగాలి లేదు. ఇక్కడి శత్రువులు వేరు. ఎండ వల్ల రబ్బరు పెళుసెక్కుతుంది. డోరు రబ్బర్లు, ఇంజన్ మౌంటింగులు, బుష్‌లు చిట్లుతాయి. దుమ్ము గాలి ఫిల్టరు దాటితే రింగులు అరుగుతాయి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్‌కు మాత్రం ఆ నీటి గట్టితనం ప్రమాదం. బోరునీరు పోసిన ఇంజన్‌లో తెల్లటి సుద్దలాంటి పెచ్చు కడుతుంది, సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి, వేసవిలో నీళ్లు మరిగి హెడ్ ప్యాకింగ్ ఎగిరిపోతుంది. మామిడి తోటల మధ్య నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలో ఎలుకలు, ఉడుతలు వైర్లు కొరకడం ఇంకో తలనొప్పి. 1990ల మొదట్లో తయారైన కొన్ని డబ్ల్యు124 పెట్రోలు ఇంజన్ల వైర్లకైతే ఎలుక కూడా అక్కర్లేదు. వాటి పైతొడుగు వేడికి దానంతటదే పొడిపొడిగా రాలుతుంది.

డబ్ల్యు123 డీజిల్‌లో కొత్తవారిని తికమకపెట్టే దోషం ఒకటి ఉంది. తాళం తిప్పి తీసేసినా ఇంజన్ ఆగదు. కారణం కరెంటు కాదు, గాలి. ఈ కారులో తలుపు గొళ్లేలు, ఇంజన్ ఆపే కవాటం అన్నీ ఇంజన్ మీది వాక్యూమ్ పంపు లాగే గాలితో పనిచేస్తాయి. వెనక తలుపులో దాగిన ఒక రబ్బరు సంచి చిరిగినా ముందున్న ఇంజన్ మాట వినదు. అప్పుడు బానెట్ ఎత్తి స్టాప్ అని రాసిన మీటను చేత్తో నొక్కాలి. చేతి వాక్యూమ్ పంపు తగిలించి ఒక్కో గొట్టాన్ని విడివిడిగా పట్టి చూస్తూ, ముల్లు కిందికి జారే చోట ఆగితే దోషం దొరుకుతుంది. హీటర్ ప్లగ్గులదీ ఇలాంటి తంతే. 1980కి ముందు బండ్లలో వాటిని వరసగా ఒకే తీగమీద కలిపారు. ఒకటి మాడితే నాలుగూ ఆగిపోతాయి. తర్వాతి పెన్సిల్ రకంలో ఒకటి పోయినా మిగతా మూడు వెలుగుతాయి. కానీ చలి పొద్దున ఇంజన్ తెల్లపొగతో కుంటుతుంది. టప్పెట్ల సందు ఇన్‌లెట్‌కు 0.10, ఎగ్జాస్ట్‌కు 0.30 మిల్లీమీటర్లు. ఇది ఇంజన్ చల్లగా ఉన్నప్పటి లెక్క. ఎగ్జాస్ట్ సందు మరీ బిగిస్తే కవాటం మాడుతుంది. శబ్దం లేదని సంతోషించే యజమాని దాన్ని ఆలస్యంగా తెలుసుకుంటాడు.

కాగితాల సంగతి కూడా ఈ పనిలో భాగమే. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుం మామూలు కారుకు 5,000, దిగుమతి కారుకు 40,000 రూపాయలైంది. ఇరవయ్యేళ్లు దాటిన బండ్లకు 2025లో మళ్లీ పెంచారు. జర్మనీలో 1997 నుంచి 30 ఏళ్లు నిండి మంచి స్థితిలో ఉన్న కారుకు పన్ను రాయితీతో చారిత్రక నంబరు ప్లేటు ఇస్తారు. భారత ప్రభుత్వం 2021 జులైలో ఇచ్చిన నిబంధనల్లో ఆ గడువు 50 ఏళ్లు. అర్హత ఉన్న బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, తిరిగి చేయించుకుంటే 5,000. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదన్న షరతు కూడా ఉంది. సామాను దొరకని రోజుల్లో మెటడోర్ ఇంజన్ ఎక్కించి బతికించుకున్న కార్లు ఆ లెక్కలో నిలబడవు. ఏళ్లతరబడి వాటిని నడిపించిన మరమ్మతే వాటికి అడ్డం పడింది. 1976లో తొలిసారి రిజిస్టరైన డబ్ల్యు123లు 2026లో ఈ గడువు దాటుతాయి. పుణెలో 1995లో బిగించిన డబ్ల్యు124లకు 2045 దాకా మామూలు ఫిట్‌నెస్ క్యూయే గతి.